తెరమీది తెలుగునకు వచ్చు తెగుళ్లు

పామూరు బజారులో ఒక డి.టి.పి. దుకాణమును తలచుకొనుడు. పాసుపుస్తకము కొరకు అర్జీ వ్రాయించుకొనవచ్చిన రైతు ఎదుటి కుర్చీలో కూర్చుండి తన పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు చెప్పుచుండును. దుకాణదారు బల్లమీది కంప్యూటరులో దానిని చక్కని తెలుగు అక్షరములతో కూర్చి అచ్చు తీసి యిచ్చును. కాగితముమీద అంతయు సరిగనే యుండును. కాని ఆ ఫైలునే కనిగిరిలోనో ఒంగోలులోనో మరియొక యంత్రములో తెరచినపుడు, రైతు పేరుండవలసిన చోట ఒకప్పుడు ఖాళీ పెట్టెలు, ఒకప్పుడు ప్రశ్నార్థకములు, ఒకప్పుడు ఏ భాషకును చెందని రోమను పిచ్చిగీతలు కనబడును. చూచినవారందరును ఒకే మాట అందురు, వైరసు పట్టినదని. పిమ్మట జరుగు చికిత్సయు ఒకటే. ప్రోగ్రామును తీసివేసి మరల ఎక్కింతురు. అప్పటికిని కుదరకున్న యంత్రమునంతటిని తుడిచివేయుదురు.

ఈ చికిత్స వలన కుదిరిన తెగులు చాల తక్కువ. మిరపచేనిలో ఆకు ముడుచుకొన్నదనగానే చేతికందిన మందు తెచ్చి కొట్టువానిని పెద్దరైతులు మందలింతురు. ముడుత పైకా, క్రిందికా అని మొదట చూడుమందురు. పైముడుత యైనచో తామరపురుగు, క్రిందిముడుత యైనచో నల్లి. ఒకదాని మందు రెండవదానికి పనికిరాదు. తెరమీద చెడిన తెలుగు సంగతియు ఇట్టిదే. పెట్టెలకు కారణమొకటి, పిచ్చిగీతలకు మరియొకటి, ప్రశ్నార్థకములకు ఇంకొకటి. వీనిలో మొదటిదానికి మందే అక్కరలేదు. రెండవదానికి మందున్నది. మూడవదానికి లేదు. ఏది ఏదో తెలియక చేయి పెట్టినచో బ్రతుకవలసిన అక్షరములు గూడ పోవును. పోయినది ఒకరి పేరైనపుడు, దానితో పోవునది అక్షరములు మాత్రమే కాదు.

నేనిక్కడ ముచ్చటించునది ఇంటర్నెట్టులో చూచు పుటలను గూర్చి కాదు. ఎరువుల దుకాణములో బిల్లు వేయునది, సహకార సంఘములో ఖాతాలు చూచునది, పాఠశాలలో మార్కుల పట్టిక తీయునది, పెండ్లిపత్రిక కూర్చునది, ఇట్లు ఒక యంత్రములోనే ఎక్కించి, ఆ యంత్రమునకు తెలిసిన ఆదేశములలోనికి నేరుగా మార్చి నడపు ప్రోగ్రాములను గూర్చి. వీనిని సి, సి ప్లస్ ప్లస్, డెల్ఫీ వంటి భాషలలో వ్రాయుదురు. ఇవి వేగముగా నడచును. నెట్టు లేకున్నను నడచును. పల్లెపట్టులకు ఇది చిన్న సదుపాయము కాదు. అయితే ఇందు యంత్రపు స్మృతిలోని గదుల లెక్కను చాలవరకు ప్రోగ్రాము వ్రాసినవాడే చూచుకొనవలెను. ఆతడు ఏ హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చుండి, ఇంగ్లీషులో రెండు పేర్లు కొట్టి చూచి, బాగున్నదని పంపివేయును. అక్కడ కనబడని తెగులు మన బజారులో బయటపడును.

కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకెయే తెలియును. ప్రపంచమందలి లిపుల అక్షరములకెల్ల స్థిరమైన అంకెలనిచ్చు యూనికోడు ప్రమాణపు మొదటి సంపుటము 1991లో వెలువడినది. అందు తెలుగునకు 128 స్థానములు కేటాయించినారు. ఆ అమరిక అంతకు పూర్వమే భారతదేశములో ఏర్పడిన ఇస్కీ అను సంకేత పద్ధతిని అనుసరించినది. 128 స్థానములలో ఇన్ని గుణింతములు, ఇన్ని ఒత్తులు ఎట్లు పట్టినవని మీరడుగవచ్చును. పట్టలేదు. అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లునకు మాత్రమే అంకెలున్నవి. కా అనగా క, దాని వెంట దీర్ఘము. ద్ద అనగా ద, పొల్లు, మరల ద. పలుకుటలో పామూరు 3 అక్షరములు; యంత్రములో 6 అంకెలు. ఆ అంకెలను యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఫైలులో దాచినపుడు ఒక్కొక్కటి 3 బైట్ల చోటు పట్టును, అనగా మొత్తము 18. మూడు, ఆరు, పదునెనిమిది: ఈ మూడు లెక్కలను ఒకటిగా భ్రమపడుట వలన పుట్టిన తెగుళ్లే ఎక్కువ.

ఇక లక్షణములకు వత్తము. ఖాళీ పెట్టెలు కనబడినచో బెంగపడ నక్కరలేదు. అంకెలన్నియు క్షేమముగ నున్నవి. వానికి తగిన బొమ్మలు మాత్రము ఆ ఫాంటులో లేవు. తెలుగు ఫాంటును ఎన్నుకొన్నచో పేరు తిరిగి వచ్చును. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. 2009లో విండోస్ 7తో వచ్చినదానికి వాణి అని పేరు పెట్టినారు. రేడియో వినువారికి ఆ పేరు కొత్త కాదు. అక్షరములుండియు ఒత్తులు క్రిందికి దిగక విడివిడిగా పొల్లులతో నిలిచినచో, అదియు ఈ జాతి తెగులే. అంకెలను చూచి బొమ్మలను జతపరచు పనిని ఆ ప్రోగ్రాము చేయుట లేదన్నమాట. దోషము చూపుటలోనే గాని దాచుటలో లేదు. ఇట్టి ఫైలును మరల కొట్టించుట కూలి దండుగ.

పిచ్చిగీతలలో రెండు రకములున్నవి. వానిని వేరు చేయుట నేర్చుకొనదగినది. యూనికోడు వాడుకలోనికి రాకముందు మన అచ్చు దుకాణములు వేరొక ఉపాయము పన్నినవి. రోమను అక్షరములకు కేటాయించిన స్థానములలో తెలుగు బొమ్మలను కూర్చుండబెట్టిన ఫాంటులను వాడినవి. అను ఫాంటులని పేరుపడినవి అట్టివే. అచ్చుపనిలో వానికి నేటికిని ఆదరమున్నది. ఆ ఫాంటున్న యంత్రములో అది తెలుగు. లేని యంత్రములో అడ్డదిడ్డముగా పడిన రోమను అక్షరములు. దీనికి మార్పిడి ప్రోగ్రాములున్నవి. ఏ ఫాంటుతో కూర్చినారో తెలిసిన చాలును. కనుక దుకాణమునుండి ఫైలు తెచ్చుకొనువారు ఫాంటు పేరు గూడ అడిగి వ్రాసికొనుట మంచిది.

రెండవ రకమునకు చెదరని ఆనవాలొకటి కలదు. నెత్తిన వాలుగీత గల చిన్న రోమను ఏ అక్షరము, దాని ప్రక్కన డిగ్రీకి పెట్టు చిన్న సున్న, లేదా కూడిక తీసివేత కలిసిన గుర్తు, ఈ జంటలు పదేపదే వచ్చుచుండును. అట్లు కనబడినచో అది నిక్కముగా యూటీఎఫ్-8లో దాచిన తెలుగే. తెలుగు అంకెలన్నిటికిని మొదటి రెండు బైట్లు ఈ రెండు జంటలలో ఒకటియై యుండును. చదువు ప్రోగ్రాము మూడేసి బైట్లను కలిపి ఒక అక్షరముగా గ్రహింపక, బైటుకొక పాశ్చాత్య అక్షరము చొప్పున చదివినది. దీనికి మందు తేలిక: అదే ఫైలును యూటీఎఫ్-8గా మరల తెరచుటయే. కాని ఒక్క నియమము. పిచ్చిగీతలు కనబడుచుండగా ఆ ఫైలును సేవ్ చేయరాదు. ఏల యన, విండోస్ వాడు పాశ్చాత్య అక్షరముల పట్టికలో 5 స్థానములు ఖాళీ. మన దురదృష్టమేమో గాని, తెలుగు కొమ్మునకును పొల్లునకును మూడవ బైటు సరిగా ఆ ఖాళీలలోనే పడును. కొన్ని ప్రోగ్రాములు ఆ బైటును అట్లే ఉంచును; కొన్ని పారవేయును. పారవేయు ప్రోగ్రాముతో సేవ్ చేసినచో ఆ జాబితాలోని ప్రతి కొమ్మును, ప్రతి ఒత్తును ఒక్క క్షణములో పోవును. కొమ్ములు, ఒత్తులు లేని తెలుగు పేర్లు ఎన్ని మిగులునో మీ ఇంటివారి పేర్లు వ్రాసి చూచుకొనుడు.

అన్నిటికంటె చెడ్డవి ప్రశ్నార్థకములు. చూచుటకు ఇవియే శుభ్రముగ నుండును. అందుచేతనే ఎవరును కంగారుపడరు. విండోస్ ప్రోగ్రాములు వ్రాయుటలో ఒకే పనికి రెండేసి ఆదేశములుండుట పాత మర్యాద. ఒకటి యూనికోడు అంకెలను తీసికొనును. రెండవది ఆ దేశపు పాత పట్టికలోని అక్షరములను తీసికొనును. తెలుగునకు విండోసులో అట్టి పాత పట్టిక ఏనాడును లేదు. ప్రోగ్రాము వ్రాసినవాడు తెలియకయో అలవాటు చొప్పుననో రెండవ ఆదేశమును వాడెనా, పట్టికలో దొరకని ప్రతి అంకెకును బదులుగా ఒక ప్రశ్నార్థకము వ్రాయబడును. పామూరు 6 ప్రశ్నార్థకములగును. కనిగిరి 7 అగును. ఇవి అక్షరమును కప్పిన ముసుగులు కావు. అక్షరము పోయి దాని స్థానమున నిజముగా ప్రశ్నార్థకమే నిలిచినది. ఏ ఫాంటును దానిని లేపలేదు. పూర్వపు నకలు ఫైలు ఉన్నచో దానినుండి, లేదా కాగితముమీది అచ్చునుండి మరల కొట్టుకొనవలసినదే. సహకార సంఘములో సంవత్సరాంతమున పాత జాబితాను కొత్త ప్రోగ్రాములోనికి ఎక్కించుచున్నపుడు మొదటి పుటలో రెండు ప్రశ్నార్థకములు కనబడినను అక్కడనే ఆపవలెను. పాత ఫైలుమీద కొత్తది వ్రాయబడిన తరువాత ఆపి ప్రయోజనము లేదు. ఇకముందు రాకుండుటకు ప్రోగ్రామరు యూనికోడు ఆదేశములనే వాడవలెను. లేదా 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు 1903 మొదలుకొని, తన ప్రోగ్రామునకు పాత పట్టికగా యూటీఎఫ్-8నే వాడుమని వ్యవస్థకు తెలుపవచ్చును.

పేరు మార్పు చెందుట ఒకటి. పేరు తెగుట మరియొకటి. ఊరిపేరునకు 20 బైట్ల గది చాలునని ప్రోగ్రామరు నిర్ణయించినాడనుకొందము. ఇంగ్లీషులో గిద్దలూరు వ్రాయుటకు అందులో సగము చాలును. సి భాషలో మాట ముగిసినదని తెలుపుటకు ఒక సున్న గూడ పెట్టవలెను గనుక మిగులునవి 19. పామూరునకు 18 బైట్లు, పట్టినది. మన ఊరివారు ఆ ప్రోగ్రామును మెచ్చుకొందురు. కనిగిరికి 21 కావలెను. చివరి గుడి తెగి కనిగిర అగును. గిద్దలూరు 27 బైట్లు. గిద్దల వరకు వచ్చి ఆగును. మార్కాపురము అని పూర్తిగా వ్రాయువారికి ఇంకను ఎక్కువ కావలెను. గదిలో మిగులునది మార్కా మాత్రమే. పలకలకు ప్రసిద్ధికెక్కిన ఊరికి ఆ పేరు కొంత నప్పునేమో గాని చిరునామాకు నప్పదు. తెగినచోట సగము మిగిలిన బైటు ఒకటి ఉండి, ప్రశ్నార్థకమును ఇముడ్చుకొన్న నల్లని వజ్రాకారపు బొమ్మగా కొన్ని తెరలమీద కనబడును. పేరు చివర ఆ బొమ్మ కనబడినచో గది చాలలేదని గ్రహింపవచ్చును.

ఇట్లు తెగినచో అదియును మేలే. తెంపవలెనను తలంపే లేక 27 బైట్లను 20 బైట్ల గదిలో పోసినచో మిగిలినవి ప్రక్కగదిలోనికి పొర్లును. ఆ ప్రక్కగదిలో అప్పు మొత్తముండవచ్చును, తేదీ యుండవచ్చును, ప్రోగ్రాము తరువాత ఎక్కడికి పోవలెనో తెలుపు గుర్తుండవచ్చును. పొర్లిన క్షణమున ఏమియు జరుగదు. పది నిమిషములకు ఎవరో అచ్చు బొత్తాము నొక్కినపుడు ప్రోగ్రాము కూలును. నింద అచ్చుయంత్రముమీద పడును. నీరు ఎగువ చేని గట్టు తెగి వచ్చినదా, దిగువ చేనిలో ఊటయా అని విచారింపక దిగువ రైతుతో తగవులాడుట వంటిదే ఇది. గట్టు తెగిన చోటనే, తెగిన క్షణముననే పట్టియిచ్చు పరిశోధక సాధనములు ప్రోగ్రామర్లకు ఇప్పుడు కొదువ లేవు. వాల్‌గ్రైండ్ అనునది ఒకటి. 2012లో ప్రకటింపబడిన అడ్రెస్ శానిటైజర్ మరియొకటి. హద్దు దాటిన పంక్తి సంఖ్యను గూడ అవి చెప్పును. కాని వానిముందు ఇంగ్లీషు పేర్లే పెట్టి నడపినచో అవియును మిన్నకుండును. గట్టు తెగవలెనన్న నీరుండవలెను గదా!

ఇట్టి పొరపాట్లు చిన్న దుకాణపు ప్రోగ్రాములకే పరిమితమని తలపరాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అను ఒక్క తెలుగు అక్షరము ప్రపంచమంతట ఆపిల్ వారి ఫోనులను, మాక్ కంప్యూటర్లను కూల్చినది. ఆ అక్షరము గల సందేశము వచ్చినంతనే దానిని చూపబోయిన ప్రోగ్రాము మూతపడును. తెరచిన మరల మూతపడును. దోషము ఏ ఒక్క ప్రోగ్రాములోను లేదు. అక్షరములను జతపరచి బొమ్మగీయు పని అన్ని ప్రోగ్రాములకును వ్యవస్థయే చేసిపెట్టును. దోషము అక్కడ నుండుటచే దానిమీద ఆధారపడినవన్నియు కూలినవి. పత్రికలు తెలుగు అక్షరమే నేరము చేసినట్లు వ్రాసినవి. మనము నిత్యము వ్రాయు జ్ఞా వలన ఏ అపాయమును లేకుండెను. అపాయకరమైన దానిలో జ, పొల్లు, ఞ, దీర్ఘములతోపాటు ఞ తరువాత కంటికి కనబడని గుర్తు ఒకటి చొరబడియుండెను. ఇట్టి కూర్పుతోనే దేవనాగరి, బెంగాలీ అక్షరములు కొన్నియు అట్లే కూల్చగలవని పరిశీలకులు తరువాత చూపినారు. స్మృతి చెడు దోషముగా దానిని గుర్తించి, ఆపిల్ వారు ఆ నెల 19వ తేదీన ఫోనులకు 11.2.6 కూర్పును, మాక్ కంప్యూటర్లకు వేరొక సవరణను విడుదల చేసినారు.

ఆ కనబడని గుర్తు నిరుపయోగమైనది కాదు. వెడల్పు లేని విడదీత గుర్తు అని దానిని చెప్పవచ్చును. అది లేనిదే రాజ్‌కుమార్ అని వ్రాయలేము, రాజ్కుమార్ అగును. అయితే తెలుగు కొట్టు సాధనములు కొన్ని పొల్లుతో ముగియు ప్రతి మాట చివరను అడుగకయే దానిని చేర్చును. అప్పుడు జరుగునది వినుడు. ఒక సంఘములో రమేష్ అను పేరు ఆ గుర్తుతో నమోదైనది. మరునాడు వేరొక గుమాస్తా గుర్తు లేకుండ రమేష్ అని కొట్టి వెదకును. కంటికి రెండును ఒకటే, యంత్రమునకు వేరు. అట్టివారెవరును లేరని ప్రోగ్రాము చెప్పును. గుమాస్తా పాపము మరియొక ఖాతా తెరచును. ఒకనికి రెండు ఖాతాలు. కట్టిన డబ్బు ఒకదానిలో, బాకీ మరియొకదానిలో. ఐత్వమునకును ఇట్టి చిక్కే కలదు: దానిని ఒకే అంకెగా వ్రాయవచ్చును, రెండు గుర్తులుగా విడదీసియు వ్రాయవచ్చును. పోల్చుటకు ముందు రెండు పేర్లను ఒకే తీరునకు తెచ్చుకొనుట ప్రోగ్రామరు బాధ్యత. దాచునపుడు మాత్రము మనిషి వ్రాసినదానిని వ్రాసినట్లే దాచవలెను.

తెర కొయ్యబారి, స్పందించుట లేదని సూచన వచ్చుట గూడ అందరును చూచినదే. కిటికీ తనకు వచ్చిన పిలుపులను 5 సెకనులు పట్టించుకొననిచో విండోస్ అట్లు ప్రకటించును. గల్లాపెట్టెవద్ద కూర్చుండవలసినవాడే గోదాములో బస్తాలు లెక్కించుచున్నాడని దాని అర్థము. బస్తాల పనిని వేరొక దారమునకు అప్పగించినచో కుదురును. వెంటనే ఆపివేయక కొంతసేపు ఆగి చూచుట ఉచితము. ఏదో డీఎల్ఎల్ లేదని ప్రోగ్రాము మొరాయించినచో అది మరింత చిన్న సంగతి. వంట వచ్చినది, గరిటె రాలేదు. దానిని ప్రోగ్రాము చేసినవారినుండియే తెప్పించుకొనవలెను గాని ఊరుపేరు లేని చోటులనుండి దింపుకొనరాదు.

కారణము తెలియక ప్రోగ్రాము కూలునపుడు దోషమును ఎట్లు పట్టుకొందురు? ఇందు ఊహకు పని తక్కువ. 4,000 పేర్ల జాబితాను అచ్చు తీయబోగా ఎక్కడనో కూలుచున్నదనుకొందము. జాబితాకు నకలు తీసి, ఆ నకలును రెండుగా విడదీసి మొదటి సగమును మాత్రము అచ్చు తీయవలెను. కూలినచో దోషము అందున్నది. కూలనిచో రెండవ సగమును పరీక్షింపవలెను. కూలిన సగమును మరల రెండు చేయవలెను. ఒక్క పేరే కారణమైనచో ఇట్లు 12 మారులు చేయునప్పటికి ఆ పేరు చేతికి చిక్కును. ఆ పేరులోను ఒక్కొక్క అక్షరమును తీసివేసి చూచినచో జ్ఞా వంటి మూలము బయటపడును. చిన్నచేసిన దోషమును సరిచేయుటకు ప్రోగ్రామరునకు ఒక పూట చాలవచ్చును. పెద్దజాబితా నిచ్చి బాగుచేయుమన్నచో నెల పట్టవచ్చును. ఈ సగములు చేయు పనికి ప్రోగ్రాము వ్రాయుట రానక్కరలేదు. దుకాణదారుడు చేయవచ్చును, పదవ తరగతి చదువు పిల్లవాడును చేయవచ్చును.

అట్లు చిక్కిన పేరును ప్రోగ్రాము వ్రాసినవారికి తెలుపునపుడు మనవారు తెరను ఫోటో తీసి పంపుదురు. ఫోటోలో పెట్టెయో ప్రశ్నార్థకమో కనబడునే గాని దాని వెనుకనున్న అంకెలు కనబడవు. విడదీత గుర్తు అసలే కనబడదు. ఆ ఒక్క పేరును ఉంచిన ఫైలునే పంపవలెను. తోడుగా ప్రోగ్రాము కూర్పు సంఖ్య, విండోస్ కూర్పు సంఖ్య, ఏ సాధనముతో తెలుగు కొట్టినారో, ఏ బొత్తాము నొక్కగా కూలినదో నాలుగు పంక్తులలో వ్రాయవలెను. ఆ పేరు మరియొకరిది గనుక వారి అనుమతి తీసికొని పంపవలెను. లేదా అదే అక్షరము గల ఒక కల్పిత నామమును అదే సాధనముతో కొట్టి, అదియు కూలుచున్నదని చూచుకొని, దానిని పంపవలెను.